తుపాకి గొట్టంలో పురి ఎక్కించిన పాత యంత్రాలు

పాత యంత్రాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచికలో ఈ శీర్షిక కింద, రైఫిల్ గొట్టం లోపల మెలిక తిరిగిన గాడులు కోయడానికి కరెంటు లేని కాలంలో వాడిన కర్ర బల్ల గురించి ఒక పేరా రాశాను. దానిపై వరంగల్ చుట్టుపక్కల నుంచే కాక కరీంనగర్, జగిత్యాల, ఆర్మూర్ ప్రాంతాల నుంచి కూడా ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్నీ ఆ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాను. వరంగల్‌లో ఏళ్ల తరబడి టర్నర్ విద్యార్థులకు పని నేర్పినవాడిని కనుక నా ఆసక్తి తుపాకి మీద కాదు, దాని గొట్టాన్ని అంత నిక్కచ్చిగా కోసిన యంత్రం మీద, ఆ యంత్రం వెనుక ఉన్న చేతి మీద.

మాటల విషయంలో ముందే ఒక వివరణ ఇవ్వాలి. గొట్టం లోపలి గోడలో కోసిన పల్లాన్ని గాడి అని, రెండు గాడుల మధ్య కోయకుండా మిగిలిన మిట్టను గట్టు అని, గాడి ఎంత పొడవులో ఒక పూర్తి చుట్టు తిరుగుతుందో ఆ లెక్కను పురి అని రాస్తున్నాను. కొత్తవాడలో జంపఖానాలు నేసేవారికి నూలు పురి అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. రైఫిల్ గొట్టంలోని మెలికకు అంతకన్నా సరిపోయే మాట నాకు దొరకలేదు. మరతుపాకి అనే మాట ఇప్పుడు మెషీన్ గన్‌కు స్థిరపడిపోయింది కనుక దాన్ని ఇక్కడ వాడడం లేదు.

ప్రశ్న: లోకో షెడ్డులో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాను. లేత్ మీద మర కోయడం నాకు కొత్త కాదు. కాని మూడడుగులకు పైగా పొడవున్న గొట్టంలో, చిటికెన వేలు కూడా సరిగా పట్టని రంధ్రంలో, ఆ చివర నుంచి ఈ చివరకు అర చుట్టో ముక్కాలు చుట్టో మాత్రమే తిరిగే గాడిని చేత్తో ఎలా కోశారు? ఎంత ఆలోచించినా అంతుపట్టడం లేదు సార్.
(కాజీపేట పాఠకుడు)

జవాబు: మీకు అంతుపట్టకపోవడానికి కారణం మీ ప్రశ్నలోనే ఉంది. మీరు లేత్ మీద మర కోసే పద్ధతిలో ఆలోచిస్తున్నారు. అక్కడ కోయవలసిన ఇనుప ముక్క వందల చుట్లు తిరుగుతుంటే కత్తి కొద్ది దూరం మాత్రమే జరుగుతుంది. ఇక్కడ లెక్క తిరగబడుతుంది: కత్తి నాలుగడుగులు ప్రయాణించాలి, ఆ ప్రయాణం మొత్తంలో ఒక చుట్టు కూడా పూర్తిగా తిరగకూడదు. తిప్పి ముందుకు జరిపే పద్ధతి ఇక్కడ పనికిరాదు కనుక పాతకాలపు పనివారు లాగి తిప్పే పద్ధతిని ఎంచుకున్నారు.

మన ఇళ్లలోని మరచెంబును తలచుకోండి. మూతను తిప్పితే అది పైకి వస్తుంది. దాన్ని తిప్పకుండా నిలువుగా పైకి లాగితే ఊడి రాదు, ఎందుకంటే దాని మర చుట్లు చాలా దగ్గరగా ఉంటాయి. అదే మరను సాగదీసి, మూరెడు పొడవులో పావు చుట్టు మాత్రమే తిరిగేలా చేశారనుకోండి, అప్పుడు నిలువుగా లాగినా మూత తనంతట తానే తిరుగుతూ పైకి వస్తుంది. రైఫిలింగ్ బల్ల మొత్తం ఈ ఒక్క సూత్రం మీదే నిలబడింది.

ఇప్పుడు బల్లను చూద్దాం. పొడవాటి గట్టి చెక్క బల్ల మీద ఒక కొసన తుపాకి గొట్టాన్ని కదలకుండా బిగిస్తారు. మరో కొసన, దానికి సూటిగా, చేతి మందం లేదా అంతకు మించిన లావు ఉన్న గుండ్రటి కర్ర దూలం ఉంటుంది. దాని ఒంటి మీద పొడవునా సాగిన మెలిక గాడులు చెక్కి ఉంటాయి. ఈ దూలం ఒక నిలువు పలక మధ్యలోని రంధ్రం గుండా జరుగుతుంది, ఆ రంధ్రం అంచున ఉన్న పళ్లు దూలం గాడుల్లో కూర్చుంటాయి. పనివాడు పిడి పట్టుకుని దూలాన్ని తన వైపు సూటిగా లాగుతాడు, పలక పళ్లు దాన్ని సూటిగా రానివ్వవు కనుక అది తిరుగుతూ వస్తుంది. దూలానికి బిగించిన సన్నని కడ్డీ తుపాకి గొట్టంలోకి వెళ్లి ఉంటుంది, దాని కొసన రంపపు పళ్ల వంటి పళ్లున్న చిన్న ఉక్కు కత్తి ఉంటుంది. దూలం ఎంత తిరిగితే కత్తి అంతే తిరుగుతుంది. అంటే కర్ర మీద ఉన్న పెద్ద మెలిక ఇనుము లోపల చిన్న మెలికగా నకలు దిగుతుంది.

నకలు అన్న ఈ మాట దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే ఈ బల్లలోని గొప్పతనం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. కర్ర మీద ఉలితో చెక్కిన గాడి ఇనుము మీద పనికి సరిపోయేంత నిక్కచ్చిగా ఎలా ఉంటుందని ఎవరికైనా అనుమానం వస్తుంది. దూలం అడ్డుకొలత 4 అంగుళాలు, గొట్టం రంధ్రం అర అంగుళం అనుకుందాం. దూలం చుట్టుకొలత మీద ఉలి ఒక గీత మందం పక్కకు పోతే, అదే కోణపు తేడా గొట్టం లోపలి గోడ మీద ఆ గీత మందంలో ఎనిమిదో వంతుగానే పడుతుంది. నమూనా పెద్దదిగా, పని చిన్నదిగా ఉన్నందువల్ల తప్పు తనంతట తానే కుంచించుకుపోతుంది. మైక్రోమీటరు లేని ఊళ్లో పనిచేసిన కమ్మరికి ఈ ఒక్క ఉపాయమే మైక్రోమీటరు.

దూలం మీద మెలికను గీయడానికి కూడా పెద్ద లెక్కలు అక్కరలేదు. తరగతి గదిలో నేను ఒక చపాతీ కర్రను, పాత క్యాలెండర్ కాగితాన్ని తీసుకుని చూపించేవాణ్ని. కాగితాన్ని మూలమట్టంగా ఉన్న త్రిభుజంగా కత్తిరించి, నిలువు అంచును కర్ర పొడవుకు ఆనించి చుట్టుకుంటూ పోతే, త్రిభుజపు ఏటవాలు అంచు కర్ర మీద చక్కని మెలిక గీతగా పరుచుకుంటుంది. త్రిభుజం అడుగు కర్ర చుట్టుకొలతకు సమానమైతే కాగితం పొడవులో సరిగ్గా ఒక పురి వస్తుంది. ఆ గీత వెంట పెన్సిల్ జరుపుతున్నప్పుడు వెనక బెంచీల్లోని పిల్లలు కూడా లేచి నిలబడి చూసేవారు.

ఇక కోత విషయం. ఒక్క లాగుకు కత్తి తీసే లోహం దాదాపు లేనట్టే ఉంటుంది, నూనెలో కలిసిన సన్నని రజను మాత్రం వస్తుంది. ఒక గాడిలో లాగాక, వాటాలు గుర్తుపెట్టిన చక్రాన్ని ఒక మెట్టు తిప్పి పక్క గాడికి వెళ్తారు. ఏడు గాడులుంటే ఏడింటిలోనూ వరసగా కోస్తారు. కత్తికి ఇక లోహం అందని దశ వచ్చినప్పుడు, కత్తి కింద పలుచని కాగితపు ముక్క ఒకటి దూర్చి దాన్ని వెంట్రుకవాసి పైకి లేపి, మళ్లీ మొదటి గాడి నుంచి మొదలుపెడతారు. గాడి పూర్తి లోతు గోటి మందం కూడా ఉండదు, అయినా అక్కడికి చేరడానికి ఒక్కో గాడిలో పదుల సార్లు లాగవలసి వచ్చేది. ఒక గొట్టానికి రోజంతా గడిచిపోవడం మామూలే. పద్దెనిమిదో శతాబ్దంలో జర్మన్ ప్రాంతాల నుంచి పెన్సిల్వేనియాకు వలస వెళ్లిన తుపాకి పనివారు ఇలాంటి బల్లల మీదే పొడవాటి వేట రైఫిళ్లు తయారు చేశారు.

మీరు ఫిట్టరు కనుక ఇంకొక సంగతి మీకు నచ్చుతుంది. గాడులు కోయడానికి ముందు గొట్టం నిటారుగా ఉందో లేదో కంటితోనే తేల్చేవారు. గొట్టాన్ని కిటికీ వైపు ఎత్తి పట్టి లోపలికి చూస్తే, కిటికీ అడ్డకమ్మీ నీడ మెరుస్తున్న లోపలి గోడ మీద సన్నని గీతలా పడుతుంది. గొట్టాన్ని మెల్లగా తిప్పుతుంటే ఆ గీత ఎక్కడైనా వంగినా విరిగినా అక్కడ గొట్టం వంగినట్టు లెక్క. ఆ చోట సుత్తితో ఒక్క దెబ్బ వేసి మళ్లీ చూసేవారు. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఈ ఒక్క పనే వృత్తిగా బతికినవారుండేవారు.

ప్రశ్న: జగిత్యాల కోటలోని ఫిరంగుల మూతిలోకి టార్చి వేసి చూశాను. లోపల గీతలు కనిపించాయి. అవి రైఫిలింగ్ గాడులేనా? అసలు గుండు తిరిగితే వచ్చే లాభం ఏమిటి?
(జగిత్యాల, డిగ్రీ విద్యార్థి)

జవాబు: అవి రైఫిలింగ్ గాడులు కావు. ఆ కోట పద్దెనిమిదో శతాబ్దానిది. ఫిరంగులకు మెలిక గాడులు కోసి సైన్యాలు వాడుకోవడం పందొమ్మిదో శతాబ్దం మధ్యలో గాని మొదలు కాలేదు. ఇంగ్లండ్‌లో ఆర్మ్‌స్ట్రాంగ్ చేసిన గాడుల ఫిరంగిని అక్కడి ప్రభుత్వం స్వీకరించింది 1850ల చివర్లో. గోల్కొండ పెట్ల బురుజు మీది ఫతే రహబర్ ఫిరంగి అయినా, ఫ్రెంచి సేనాని రేమండ్ 1795లో హైదరాబాద్‌లో పెట్టించిన గన్‌ఫౌండ్రీలో పోతపోసినవి అయినా లోపల నున్నగా ఉండే రకమే. మీకు కనిపించినవి పోత గీతలో, రంధ్రం తొలిచిన పనిముట్టు గీతలో, రెండు వందల ఏళ్ల తుప్పో అయి ఉంటాయి. నిజమైన గాడులైతే సమాన దూరంలో, ఒకే వెడల్పుతో, అన్నీ ఒకే వైపు వాలుతూ లోపలికి సాగుతాయి.

తొలిచే పని గురించి మాట వచ్చింది కనుక ఒకటి చెప్పకుండా ఉండలేను. ఫిరంగిని గట్టి దిమ్మెగా పోతపోసి తర్వాత రంధ్రం తొలిచే యంత్రానికి ఇంగ్లండ్‌లో జాన్ విల్కిన్సన్ 1774లో పేటెంటు తీసుకున్నాడు. ఆ అనుభవంతో అతను చేసిన తొలిచే యంత్రం మీదే జేమ్స్ వాట్ ఆవిరి యంత్రానికి కావలసిన గుండ్రటి సిలిండరు దొరికింది. అంతవరకు వాట్‌కు పిస్టన్ పక్కల నుంచి ఆవిరి కారిపోవడమే పెద్ద చిక్కుగా ఉండేది.

ఇక మీ రెండో ప్రశ్న. నున్నటి గొట్టంలో గుండు గొట్టం కన్నా కొంచెం చిన్నదిగా ఉంటుంది, అందువల్ల అది అటూ ఇటూ తగులుతూ బయటపడుతుంది. చివరి సారి ఏ గోడను తాకిందో దాన్నిబట్టి దానికి ఏదో ఒక దిక్కున తిరుగుడు పడుతుంది, అలా తిరుగుతున్న గుండును గాలి పక్కకు నెడుతుంది. ప్రతిసారీ తిరుగుడు వేరు, కనుక ప్రతిసారీ తప్పిపోయే దిక్కు కూడా వేరు. గాడులున్న గొట్టం గుండును అది వెళ్లే గీత చుట్టూ తిప్పుతుంది, అప్పుడు గాలి దాన్ని ఒక పక్కకు నెట్టడానికి ఆస్కారం ఉండదు. ఇదంతా ప్రయోగాలు చేసి చూపించిన ఆంగ్ల గణిత శాస్త్రవేత్త బెంజమిన్ రాబిన్స్. ఫిరంగి శాస్త్రం మీద ఆయన పుస్తకం 1742లో వచ్చింది. గాడుల గొట్టాల స్వభావం గురించి 1747లో లండన్ రాయల్ సొసైటీలో వ్యాసం చదివి, వీటిని ముందుగా అందిపుచ్చుకున్న దేశానికి యుద్ధంలో పైచేయి ఉంటుందని కూడా చెప్పాడు. తర్వాత ఈస్టిండియా కంపెనీ కోటల పని చూడడానికి మన తీరానికి వచ్చి, 1751లో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో జ్వరంతో చనిపోయాడు. ఆయన చెప్పింది సైన్యాలు వినడానికి మరో వందేళ్లు పట్టింది.

ప్రశ్న: 1857 పాఠంలో పిల్లలకు ఎన్‌ఫీల్డ్ తూటాల గురించి చెబుతాం. ఆ తుపాకి చేతి పనిదా, యంత్రాల మీద తయారైనదా?
(కరీంనగర్, చరిత్ర ఉపాధ్యాయురాలు)

జవాబు: రెండూనమ్మా. అది చేతి పని నుంచి యంత్రాల పనికి మారే సరిహద్దు మీద పుట్టిన తుపాకి. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లు మొదట్లో బర్మింగ్‌హామ్, లండన్ పనివారి చేతుల్లో తయారయ్యాయి. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో, అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం విండ్సర్ ఊరికి చెందిన రాబిన్స్ అండ్ లారెన్స్ కంపెనీ, ఒకదాని భాగాలు మరొకదానికి సరిపోయే రైఫిళ్లను పెట్టింది. వాటిని చూశాక బ్రిటిష్ ప్రభుత్వం అమెరికాకు మనుషులను పంపి, ఆ కంపెనీ నుంచి, మసాచుసెట్స్‌లోని ఏమ్స్ కంపెనీ నుంచి యంత్రాలు కొని ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీలో దింపింది. విండ్సర్‌లోని ఆ కంపెనీ 1846 నాటి భవనం నేడు పాత యంత్రాల మ్యూజియం.

ఈ రైఫిల్ గొట్టం పొడవు 39 అంగుళాలు, రంధ్రం 0.577 అంగుళం, గాడులు 3, పురి 78 అంగుళాలకు ఒకటి. అంటే గుండు గొట్టం దాటేలోగా సరిగ్గా అర చుట్టు తిరుగుతుంది. కాజీపేట పాఠకుడు అడిగిన అర చుట్టు ఇదే.

ఇందాక చెప్పిన బెంజమిన్ రాబిన్స్ మాటను సైన్యాలు వందేళ్లు పక్కన పెట్టడానికి కారణం యంత్రం కాదు, గుండు. గాడుల్లోకి బిగుతుగా దిగాలంటే గుండును మూతి నుంచి సుత్తితో కొట్టి దించాలి, యుద్ధంలో అంత తీరిక ఎక్కడిది? ఫ్రాన్సులో క్లోద్ ఎతియెన్ మినియే 1849లో అడుగు బోలుగా ఉన్న పొడవాటి గుండును తెచ్చాడు. అది గొట్టంలోకి వదులుగా జారిపోతుంది, మందు పేలగానే దాని అడుగు అంచు ఉబ్బి గాడులను పట్టుకుంటుంది. ఎన్‌ఫీల్డ్ గుండు ఆ కోవలోనిదే. వదులుగా జారడానికే తూటా కాగితానికి కొవ్వు పూశారు, దాన్ని పళ్లతో చించమన్నారు, ఆ తర్వాత కథ మీ పాఠంలోనే ఉంది. మంగళ్ పాండే ఎదురుతిరిగిన బారక్‌పూర్‌కు దగ్గరలోనే, హుగ్లీ ఒడ్డున ఇషాపూర్‌లో 1904లో ప్రభుత్వ రైఫిల్ ఫ్యాక్టరీ వెలసిందని పిల్లలకు చెప్పండి. పటంలో రెండు ఊళ్లనూ చూపిస్తే వారికి గుర్తుండిపోతుంది.

ప్రశ్న: కర్ర బల్ల స్థానంలో వచ్చిన ఇనుప యంత్రాలకు సైన్ బార్ ఉండేదని చదివాను. మా మెట్రాలజీ లాబ్‌లో కోణాలు కొలిచే సైన్ బార్ ఇదేనా?
(హన్మకొండ, ఇంజనీరింగ్ విద్యార్థి)

జవాబు: కాదు, పేరొక్కటే కలిసింది. కర్ర బల్లకు ఉన్న పెద్ద పరిమితి ఏమిటంటే, దూలం మీద ఏ పురి చెక్కారో గొట్టంలో అదే వస్తుంది, వేరే పురి కావాలంటే వేరే దూలం చెక్కుకోవాలి. పందొమ్మిదో శతాబ్దపు యంత్రంలో దూలం స్థానంలో, యంత్రం పక్కన ఏటవాలుగా బిగించిన నున్నటి ఇనుప కడ్డీ ఉంటుంది. కత్తి కడ్డీని పట్టుకున్న బండి పట్టాల మీద ముందుకూ వెనక్కూ జరుగుతుంటే, దానికి అడ్డంగా ఉన్న పళ్ల పలక ఏటవాలు కడ్డీని రాసుకుంటూ పక్కకు జరుగుతుంది. ఆ పళ్లు కత్తి కడ్డీకి ఉన్న చిన్న పళ్లచక్రాన్ని తిప్పుతాయి. ఏటవాలు పెంచితే పురి బిగుస్తుంది, తగ్గిస్తే సడలుతుంది. పళ్లచక్రం చుట్టుకొలత 10 అంగుళాలైతే, బండి 78 అంగుళాలు జరిగేలోగా పలక 10 అంగుళాలు పక్కకు పోయేటట్టు కడ్డీని వాల్చి బిగిస్తే ఎన్‌ఫీల్డ్ పురి వస్తుంది. పేరు సైన్ బార్ అయినా ఇక్కడి లెక్క టాన్‌జెంట్‌దని మీరు వెంటనే గమనించి ఉంటారు. కడ్డీని తిన్నగా కాక వంపుగా చేస్తే, మొదట్లో సడలుగా మొదలై మూతి దగ్గరకు వచ్చేసరికి బిగుసుకునే పురి కూడా సాధ్యమైంది.

అమెరికాలో ప్రాట్ అండ్ విట్నీ కంపెనీ ఇలాంటి యంత్రాలు చేసి చాలా దేశాలకు అమ్మింది. ఇవి బెల్టుతో నడిచేవి, నూనె పంపు తనంతట తానే రజనును కడిగేసేది, గాడి మారే పని కూడా యంత్రమే చేసుకునేది. కాని కత్తి మాత్రం పాత బల్ల మీది పనివాడి పద్ధతినే పాటించింది: ఒక్కసారికి ఒక్క గాడి, ఒక్కసారికి వెంట్రుకవాసి. కాగితపు ముక్క స్థానంలో సన్నని ఉక్కు చీలిక వచ్చింది, అంతే తేడా. ఒకే లాగుతో గాడులన్నీ కోసే బ్రోచ్ పద్ధతి, లోహాన్ని కోయకుండా గట్టి బొడిపెతో ఒత్తే పద్ధతి, నమూనా కడ్డీ మీద గొట్టాన్ని సుత్తులతో కొట్టి దింపే పద్ధతి ఇరవయ్యో శతాబ్దంలో వాడుకలోకి వచ్చాయి. వాటి గురించి మరోసారి రాస్తాను.

ఒక పేరు మాత్రం మీరు గుర్తుంచుకోవాలి. గాడులకు బదులు గొట్టం రంధ్రాన్నే ఆరు పలకలుగా మెలితిప్పి, 20 అంగుళాలకే ఒక పురి ఇచ్చి, 0.451 అంగుళం రైఫిల్ చేసినవాడు ఆంగ్ల ఇంజనీరు జోసెఫ్ విట్‌వర్త్. 1857 పరీక్షల్లో అది దూరపు గురిలో ఎన్‌ఫీల్డ్‌ను దాటిపోయింది. 1860లో వింబుల్డన్‌లో జరిగిన పోటీలను విక్టోరియా రాణి ప్రారంభించినప్పుడు ఆమె తాడు లాగి పేల్చింది విట్‌వర్త్ రైఫిల్‌నే. అయినా అది ఖరీదైనది, త్వరగా మసి పట్టేది, అందువల్ల బ్రిటిష్ సైన్యం మొత్తానికీ ఆయుధం కాలేదు. ఆయన 1841లో ప్రతిపాదించిన 55 డిగ్రీల మర మాత్రం ప్రపంచమంతా పాకింది. మన పాత వర్క్‌షాపుల్లో డై సెట్టు పెట్టె మీద బి.ఎస్.డబ్ల్యూ. అని ఉంటే, మొదటి రెండు అక్షరాలకు బ్రిటిష్ స్టాండర్డ్ అని, చివరి అక్షరానికి ఈ విట్‌వర్త్ అని అర్థం చెప్పకుండా నేను ఏ బ్యాచ్‌నూ పంపలేదు.

ప్రశ్న: మా దగ్గరి కోనసముద్రం ఉక్కు డమాస్కస్ కత్తులకు వెళ్లిందంటారు. తుపాకి గొట్టాలకు కూడా పనికొచ్చేదా?
(ఆర్మూర్ పాఠకుడు)

జవాబు: కోనసముద్రం మూస ఉక్కును (మట్టి మూసలో కరిగించి చేసే ఉక్కును) చూసి రాసిన హెన్రీ వాయిసీ వివరాలు 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చి ఆ ఉక్కు కొనుక్కుపోవడం అందులో ఉంది. అది గర్వించదగ్గ సంగతి. కాని గొట్టానికి, కత్తికి కావలసిన గుణాలు ఒకటి కావు. మూస ఉక్కులో కర్బనం ఎక్కువ, అది అంచు నిలుపుకుంటుంది గాని పేలుడు దెబ్బకు సాగదు. ఆ కాలపు గొట్టాన్ని మెత్తని చేత ఇనుముతో చేసేవారు. పట్టీని కడ్డీ చుట్టూ చుట్టి, కొలిమిలో కాల్చి, అంచులు అతికేలా కొట్టేవారు. అలాంటి ఇనుము ఉబ్బుతుంది గాని గాజులా పగలదు. గాడి కోసే చిన్న కత్తికి మాత్రం మీ ఊరి ఉక్కు గుణమే కావాలి. మెత్తని ఇనుమును గట్టి ఉక్కు కోయాలి, ఆకురాయికైనా రైఫిలింగ్ కత్తికైనా ఇదే నియమం.

ప్రశ్న: మీరు రాసిన బల్లను చెక్కతో చేసి ఒక ఇనుప పైపు మీద ప్రయత్నిద్దామనుకుంటున్నాను.
(పెద్దపల్లి పాఠకుడు)

జవాబు: దయచేసి ఆ పని చేయవద్దు. 1959 ఆయుధాల చట్టంలో ఆయుధం అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలోకి ఆయుధాల భాగాలు, వాటిని తయారుచేసే యంత్రాలు కూడా వస్తాయి. లైసెన్సు లేని తయారీ శిక్షపడే నేరం. సూత్రం అర్థం కావడానికి చపాతీ కర్ర, కాగితం, పెన్సిల్ చాలు. పాత తుపాకులను దగ్గరగా చూడాలంటే హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియంలోని ఆయుధాల గదికి వెళ్లండి.

ప్రశ్న: సార్, మా తాతగారి ఇంటి అటక మీద మూరెడు పొడవున్న రెండు గుండ్రటి కర్రలు దొరికాయి. రెండింటికీ ఒక కొసన బెత్తెడు మేర మెలిక గాడులు చెక్కి ఉన్నాయి. మీ వ్యాసం చదివాక ఇవి తుపాకి గొట్టాల బల్లవేమోనని మా వాళ్లు భయపడుతున్నారు. పారేయమంటారా?
(నర్సంపేట పాఠకురాలు)

జవాబు: పారేయవద్దమ్మా, భయపడవలసిన అవసరం అసలే లేదు. మీరు పంపిన కొలతలే విషయం చెబుతున్నాయి. రైఫిలింగ్ దూలం గాడులు చాలా నిలువుగా సాగుతాయి, దూలం నిలువెత్తు పొడవు ఉంటుంది, ఆ పొడవులో మెలిక ఒకటి రెండు చుట్లకు మించదు. మీ కర్రల మీద బెత్తెడు చోటులోనే గాడి నాలుగైదు చుట్లు తిరిగిందని రాశారు. పైగా అవి జంటగా ఉన్నాయి. రైఫిలింగ్ బల్లకు జంట దూలంతో పని లేదు.

నాకు తెలిసినంతలో అవి పత్తిలో గింజ వేరుచేసే చేతి చరఖా రోలర్లు. రెండు కర్రలను ఒకదానిమీద ఒకటి పెట్టి, మెలిక గాడులున్న కొసలు ఒకదానిలో ఒకటి కూర్చునేలా చట్రంలో బిగిస్తారు. ఒక కర్రకు ఉన్న పిడిని తిప్పితే మెలికల వల్ల రెండోది ఎదురు దిక్కుకు తిరుగుతుంది. వాటి నడుమకు పత్తి అందిస్తే దూది అవతలికి పోతుంది, గింజ సందులో పట్టక ఇవతలే రాలిపోతుంది. ఇనుప పళ్లచక్రం లేకుండా, వడ్రంగి ఉలితోనే చెక్కగలిగిన జోడు ఇది. జిన్నింగ్ మిల్లులు రాకముందు, 1934లో వరంగల్‌లో ఆజంజాహీ బట్టల మిల్లు వెలవకముందు, పత్తి పండే ప్రాంతాల్లో ఇళ్లలో జరిగిన పనికి గుర్తు. రైఫిలింగ్ దూలం దొరికినా నాకు ఇంత సంతోషం కలిగేది కాదు.

నూరేళ్లు దాటిన వస్తువైతే 1972 పురావస్తువుల చట్టం కిందికి రావచ్చు, కనుక అమ్మే ఆలోచన చేసే ముందు రాష్ట్ర వారసత్వ శాఖ కార్యాలయంలో చూపించండి. అంతకన్నా ముందు, ఈ పత్రిక మీ చేతికి అందిన రోజే, ఇంట్లో ఎవరూ వాటిని కడగకుండా, వార్నిష్ పూయకుండా, పగుళ్లలో మేకులు కొట్టకుండా చూడండి. గాడుల మూలల్లో నూనె జిడ్డుతో కలిసి నల్లబడిన దూది పీచు ఉందేమో భూతద్దంతో వెతకండి. ఉంటే దాన్ని లాగి తీయవద్దు. పీచు ఉన్న చోటును వెలుతురులో ఫోటో తీసి, పక్కన స్కేలు పెట్టి, ఈ శీర్షికకు పంపండి.